అమెరికా అంతర్యుద్ధం: రాజకీయ నాయకత్వం, సైనిక నాయకత్వం

అమెరికా అంతర్యుద్ధాన్ని గురించి మన తరగతి గదుల్లో సాధారణంగా రెండు కథలు వినిపిస్తాయి. మొదటి కథలో అబ్రహాం లింకన్ అనే మహానుభావుడు వుంటాడు. బానిసల దుస్థితి చూసి ఆయన హృదయం కరిగింది. ఒక ప్రకటన మీద సంతకం చేశాడు. నలభై లక్షలమంది సంకెళ్ళు ఊడిపడ్డాయి. రెండవ కథలో సేనానులు వుంటారు. దక్షిణాది సేనాని రాబర్ట్ లీ యుద్ధకళలో సాటిలేనివాడు. ఉత్తరాది సేనాని యులిసిస్ గ్రాంట్ మంది బలంతో ఆయన్ను లొంగదీశాడు. ఒక కథలో రాజకీయ నాయకుడి దయ, ఇంకొక కథలో సైనిక నాయకుల ప్రతిభ. రెంటిలోనూ ప్రజలు ప్రేక్షకులే.

ఇవి చాలవన్నట్టు మన అభ్యుదయవాదుల్లో కొందరు మూడవ కథ చెబుతారు. అది ఉత్తరాది పెట్టుబడిదారులకూ దక్షిణాది భూస్వాములకూ మధ్య జరిగిన పంపకాల తగాదా అనీ, బానిసత్వం అందులో ఒక సాకు మాత్రమే అనీ, లింకన్ బూర్జువా వర్గపు గుమాస్తా అనీ వారి తీర్పు. చూడటానికి ఇది వర్గదృష్టిగా కనిపిస్తుంది. కాని నలభై లక్షలమంది శ్రమజీవుల విమోచనను సాకుగా కొట్టిపారేసే దృష్టి వర్గదృష్టి ఎట్లా అవుతుంది?

నా అభిప్రాయంలో ఈ మూడు కథలూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. అవి యుద్ధాన్నీ రాజకీయాన్నీ వేరువేరు గదుల్లో పెడుతున్నాయి. ఒక జాతి రెండుగా చీలి తనతో తాను పోరాడేటప్పుడు సైనిక సమస్య అనేది విడిగా వుండదు. శత్రువు బలం ఎక్కడుంది? ఆ బలం మీద చెయ్యి వెయ్యటానికి మన నాయకత్వానికి ధైర్యం వుందా? యుద్ధంలో ప్రతి ఎత్తుగడా చివరికి ఈ రెండు ప్రశ్నల దగ్గరకే వస్తుంది. అమెరికాలో ఆ ప్రశ్నలకు సమాధానం దొరకటానికి దాదాపు రెండు సంవత్సరాలు పట్టింది. ఆ సమాధానం ముందుగా అధ్యక్షభవనంలోనూ దొరకలేదు, సేనానుల గుడారాల్లోనూ దొరకలేదు.

చీలిక దేనిమీద?

1860 నవంబరులో లింకన్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. బానిసత్వం వున్నచోట దాన్ని ముట్టననీ, కొత్త ప్రాంతాలకు పాకనివ్వననీ మాత్రమే ఆయన పార్టీ చెప్పింది. దక్షిణాది తోటల యజమానులకు ఆ మాత్రమే ప్రాణాంతకంగా తోచింది. డిసెంబరు 20న దక్షిణ కరోలినా యూనియన్ నుంచి విడిపోయింది. 1861 ఫిబ్రవరి నాటికి ఏడు రాష్ట్రాలు విడిపోయి కాన్ఫెడరసీ పేరుతో కొత్త ప్రభుత్వం పెట్టుకున్నాయి. ఏప్రిల్ 12న సమ్టర్ కోటమీద ఫిరంగులు పేల్చాయి. లింకన్ 75 వేలమంది వాలంటీర్లను పిలిచాడు. మరి నాలుగు రాష్ట్రాలు విడిపోయినవారితో చేరాయి.

ఇదంతా రాష్ట్రాల హక్కులకోసం జరిగిందని తరువాత చాలామంది వ్రాశారు. అయితే 1850లో పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలనే చట్టాన్ని చేయించినప్పుడు ఈ యజమానులకు ఉత్తరాది రాష్ట్రాల హక్కులు గుర్తుకురాలేదు. అప్పుడు వారికి కేంద్రప్రభుత్వపు బలగమే కావలసివచ్చింది. పైగా కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానా పట్టణంలో ఉపన్యసిస్తూ, నల్లవాడు తెల్లవాడితో సమానుడు కాడనే సిద్ధాంతమే తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి అని దాపరికం లేకుండా చెప్పాడు. ఇంటియజమానే పునాదిరాయి చూపిస్తుంటే మనం గోడల రంగు గురించి వాదించుకోవటం అనవసరం.

బలాబలాలు చూడండి. యూనియన్ పక్షాన నిలిచిన రాష్ట్రాల జనాభా సుమారు 2 కోట్ల 20 లక్షలు. కాన్ఫెడరసీ జనాభా సుమారు 90 లక్షలు. అందులో 35 లక్షలమంది బానిసలు. దేశంలోని పరిశ్రమల ఉత్పత్తిలో పదింట తొమ్మిది వంతులు ఉత్తరాదిది. రైలుమార్గాల్లో మూడింట రెండు వంతులకు పైగా ఉత్తరాదిది. ఓడలు, బ్యాంకులు, తుపాకుల కర్మాగారాలు చాలావరకు ఉత్తరాదివే. అయినా రెండేళ్ళపాటు తూర్పు రంగంలో ఉత్తరాది సేనలు దెబ్బమీద దెబ్బ తిన్నాయి. ఎందుకని?

మెక్లెల్లన్ సమస్య

1861 జులై 21న బుల్ రన్ దగ్గర యూనియన్ సేన చెదిరి వాషింగ్టన్ దారి పట్టింది. ఆ సేనను తిరిగి నిలబెట్టే బాధ్యత జార్జి మెక్లెల్లన్ అనే యువసేనానికి అప్పగించారు. నవంబరుకల్లా ఆయన యావత్తు యూనియన్ సైన్యానికి సర్వసేనాని అయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు 34 ఏళ్ళు.

ఆయన్ను పిరికివాడనీ చేతకానివాడనీ తేల్చెయ్యటం పరిపాటి అయింది. ఇది న్యాయం కాదు. చెదిరిపోయిన గుంపులనుంచి ఆయన క్రమశిక్షణగల పెద్ద సైన్యాన్ని తయారుచేశాడు. సైనికులు ఆయన్ను ప్రేమించారు. కాని ఆయనకు ఎప్పుడూ ఇంకా కొంత సైన్యం, ఇంకా కొంత కాలం కావాలి. ఎదుటివాడి బలాన్ని రెండింతలుగా ఊహించుకునేవాడు. 1862 వేసవిలో కాన్ఫెడరసీ రాజధాని రిచ్‌మండ్ కొద్ది మైళ్ళ దూరంలో వుండగా లీ ఎదురుదాడి చేస్తే, వారం రోజుల పోరాటం తరువాత జేమ్స్ నది ఒడ్డుకు వెనక్కి తగ్గాడు.

ఆ నది ఒడ్డు శిబిరంనుంచే ఆయన లింకన్‌కు ఒక ఉత్తరం ఇచ్చాడు. దాని తేదీ 1862 జులై 7. ఓడి వెనక్కి వచ్చిన సేనాని ఆ ఉత్తరంలో తుపాకుల సంగతి వ్రాయలేదు, రాజ్యనీతి వ్రాశాడు. ఈ యుద్ధం తిరుగుబాటు ప్రజలను లొంగదీసే యుద్ధం కాకూడదన్నాడు. ఆస్తులు జప్తు చెయ్యకూడదన్నాడు. బలవంతంగా బానిసత్వాన్ని రద్దుచేసే ఆలోచన ఒక్క క్షణం కూడా రానివ్వకూడదన్నాడు. అటువంటి తీవ్రభావాలు ప్రకటిస్తే సైన్యం చెదిరిపోతుందని హెచ్చరించాడు.

మెక్లెల్లన్ యుద్ధరంగంలో ఎందుకు తటపటాయించాడో ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది. ఆయన శత్రువును ఓడించదలచుకున్నాడు, కాని కూలదొయ్యదలచుకోలేదు. దక్షిణాది పెద్దమనుషులను ఒక మోస్తరుగా భయపెట్టి పాత ఇంటికి పాత మర్యాదలతో తిరిగి పిలుచుకురావాలని ఆయన కోరిక. ఆ ఇంట్లో బానిసల గది ఎప్పటిలాగే వుంటుంది. అటువంటి కోరిక వున్నవాడికి నిర్ణయాత్మకమైన యుద్ధం అంటే భయం వుండటం సహజం. అది వ్యక్తి పిరికితనం కాదు. ఒక రాజకీయ దృక్పథం సైనిక భాషలో మాట్లాడటం.

కాన్ఫెడరసీ సైనికుడు తినే మొక్కజొన్న ఎవరు పండిస్తున్నారు? ఆ సైన్యానికి కందకాలు ఎవరు తవ్వుతున్నారు? బళ్ళు ఎవరు తోలుతున్నారు? బానిసలే. తెల్లవారిలో అంత పెద్ద వంతు సైన్యంలోకి పోగలగటానికి కారణం ఇంటి దగ్గర పని చెయ్యటానికి బానిసలుండటమే. ఆ శ్రమను శత్రువుకు భద్రంగా వదిలి, పారిపోయి వచ్చిన బానిసలను యజమానులకు తిరిగి అప్పగిస్తూ, యుద్ధం గెలవాలని యూనియన్ సేనానులు కొందరు ప్రయత్నించారు. స్వయంగా బానిసత్వంనుంచి తప్పించుకువచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1861లోనే తన పత్రికలో ఈ మూర్ఖత్వాన్ని ఎత్తి చూపాడు. ప్రభుత్వం ఒక చెయ్యి వాడుకోకుండా రెండవ చేత్తో మాత్రమే పోరాడుతున్నదనీ, వాడని ఆ చెయ్యి నల్లవారి చెయ్యి అనీ ఆయన వాదం.

ఇద్దరు మిత్రుల వివాదం

అప్పుడు లండన్‌లో వుంటున్న కార్ల్ మార్క్స్ న్యూయార్క్, వియన్నా పత్రికలకు ఈ యుద్ధాన్ని గురించి వ్యాసాలు వ్రాస్తున్నాడు. మాంచెస్టర్‌లోని ఎంగెల్స్ సైనిక శాస్త్రంలో దిట్ట. 1862 వేసవిలో ఎంగెల్స్ నిరాశ చెందాడు. ఉత్తరాది సేనల మందకొడితనం, దక్షిణాది సేనల పట్టుదల చూసి ఉత్తరాది గెలుస్తుందన్న నమ్మకం ఆయనకు సడలింది. మార్క్స్ అంగీకరించలేదు. యుద్ధాన్ని కేవలం సైనిక కోణంనుంచి చూడటంవల్లనే ఎంగెల్స్ ఆ నిర్ణయానికి వస్తున్నాడని సెప్టెంబరులో ఉత్తరం వ్రాశాడు. అంతకుముందు ఆగస్టులో వియన్నా పత్రికలో, ఇప్పటిదాకా జరిగింది రాజ్యాంగబద్ధ యుద్ధమనే మొదటి అంకమేననీ, విప్లవ యుద్ధమనే రెండవ అంకం రానున్నదనీ సూచించాడు.

సైనిక విషయాలు ఎక్కువ తెలిసినవాడు ఎంగెల్సే. అయినా జరగబోయేదాన్ని సరిగా పసిగట్టినవాడు మార్క్స్. ఉత్తరాదికి వాడుకోని బలం ఒకటి వున్నదనీ, అవసరం దాన్ని వాడుకునేట్టు చేస్తుందనీ ఆయన గ్రహించాడు. ఆ బలం పేరు బానిసల విమోచన. ఇందులో జోస్యం ఏమీ లేదు. ఫిరంగుల లెక్కతోపాటు శ్రమజీవుల లెక్క కూడా వేయటమే ఆయన చేసిన పని.

మొదట కదిలినవారు

ఆ రెండవ అంకానికి తెర తీసినవారెవరు? 1861 మే 23 రాత్రి వర్జీనియాలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలొరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు బానిసలు పడవలో నీళ్ళు దాటి యూనియన్ చేతిలో వున్న మన్రో కోటకు వచ్చారు. వారిచేత యజమాని కాన్ఫెడరసీ ఫిరంగులకు దిబ్బలు కట్టిస్తున్నాడు. యజమాని తరఫున ఒక అధికారి వచ్చి 1850 చట్టం ప్రకారం వారిని అప్పగించమన్నాడు. కోట సేనాని బెంజమిన్ బట్లర్ వృత్తికి వకీలు. ఆయనేమీ బానిసల ఉద్ధారకుడు కాడు. 1860లో డెమోక్రాటిక్ పార్టీ మహాసభలో జెఫర్సన్ డేవిస్‌కే పదేపదే ఓటు వేసినవాడు. కాని వకీలు బుర్ర పనిచేసింది. మీది పరాయిదేశం అని మీరే అంటున్నారు గదా, మా చట్టం మీకెట్లా వర్తిస్తుంది, అన్నాడు. శత్రువు యుద్ధానికి వాడుతున్న సరుకుగా లెక్కకట్టి ఆ ముగ్గురినీ తన దగ్గర వుంచుకుని కూలి పనికి పెట్టుకున్నాడు.

మనుషులను సరుకుగా లెక్కకట్టిన ఆ మాట అవమానకరమైనదే. కాని ఆ మాట వెనక తలుపు తెరుచుకుంది. ఈ కబురు చుట్టుపక్కల తోటలకు పాకింది. కొద్ది రోజుల్లో ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళతో కుటుంబాలకు కుటుంబాలే కోటకు రాసాగాయి. యూనియన్ సేన ఎక్కడ విడిసినా అక్కడికి బానిసలు నడిచివచ్చారు. యుద్ధం ముగిసేనాటికి ఇట్లా వచ్చినవారు సుమారు 5 లక్షలని చరిత్రకారుల అంచనా. మహా పండితుడు డు బోయిస్ 1935లో ప్రచురించిన తన గ్రంథంలో దీనికి సార్వత్రిక సమ్మె అని పేరు పెట్టాడు. తోటల్లో పనిముట్టు కింద పెట్టి శత్రుసేన వైపు నడిచిపోవటం సమ్మె కాక మరేమిటి?

వాషింగ్టన్‌లోని శాసనకర్తలు ఈ అడుగుల వెనకనే నడిచారు. 1861 ఆగస్టులో, శత్రువు యుద్ధపనికి వాడిన బానిసలమీద యజమానికి హక్కు పోతుందని చట్టం వచ్చింది. 1862 మార్చిలో, పారిపోయి వచ్చినవారిని అప్పగించరాదని సైనికాధికారులకు నిషేధం వచ్చింది. ఏప్రిల్‌లో రాజధాని నగరంలో బానిసత్వం రద్దయింది. జులైలో, తిరుగుబాటుదారుల బానిసలు యూనియన్ సేన చేతికి చిక్కితే స్వతంత్రులని మరొక చట్టం వచ్చింది. ఒక్కొక్క చట్టం అప్పటికే జరిగిపోతున్న దానికి రాజముద్ర వేయటమే.

లింకన్ ఎక్కడ నిలిచాడు?

ఈలోగా లింకన్ ఏం చేస్తున్నాడు? 1861 ఆగస్టులో మిజోరీలో ఫ్రీమాంట్ అనే సేనాని తిరుగుబాటుదారుల బానిసలకు విముక్తి ప్రకటిస్తే, లింకన్ దాన్ని రద్దుచేశాడు. 1862 మేలో హంటర్ అనే సేనాని దక్షిణ కరోలినా, జార్జియా, ఫ్లోరిడాలలో బానిసలు స్వతంత్రులని ప్రకటిస్తే అదీ రద్దుచేశాడు. ఆగస్టులో నల్లవారి ప్రతినిధులను పిలిపించి, మీరు ఈ దేశం వదిలి వేరే చోటికి వలసపోవటం మంచిదని సలహా చెప్పాడు. మహానుభావుడి కథ చెప్పేవారు ఈ పుటలను తిప్పేస్తారు. గుమాస్తా కథ చెప్పేవారు ఈ పుటల దగ్గరే ఆగిపోతారు.

లింకన్ వెనకాడటానికి కారణం వుంది. బానిసత్వం వుండికూడా యూనియన్‌లో నిలిచిన రాష్ట్రాలు నాలుగు: డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిజోరీ. మేరీలాండ్ పోతే రాజధాని చుట్టూ శత్రువే. కెంటకీ పోతే ఒహాయో నది పోతుంది. ఆ నాలుగు రాష్ట్రాల యజమానులకు పరిహారం ఇస్తాం, మెల్లగా బానిసలను వదలండి అని లింకన్ బ్రతిమాలాడు. 1862 జులైలో వారి ప్రతినిధులలో అత్యధికులు నిరాకరించారు. బుజ్జగింపు మార్గం అక్కడ మూసుకుపోయింది.

జులై 22న ఆయన విమోచన ప్రకటన ముసాయిదాను మంత్రివర్గం ముందు చదివాడు. ఒక్క విజయమైనా లేకుండా ప్రకటిస్తే దిక్కులేక చేసిన పనిగా కనిపిస్తుందని విదేశాంగ మంత్రి సీవర్డ్ అంటే, విజయంకోసం ఆగాడు. సెప్టెంబరు 17న యాంటీటమ్ వాగు దగ్గర ఒక్క రోజులో రెండు పక్షాలా కలిసి సుమారు 23 వేలమంది చనిపోవటమో గాయపడటమో తప్పిపోవటమో జరిగింది. నాలుగు రోజుల ముందే లీ సేనల కదలికల ఉత్తర్వు మెక్లెల్లన్ చేతికి దొరికింది. అయినా ఆయన తన సేనలో గణనీయమైన భాగాన్ని రంగంలోకి దించలేదు. వెనక్కి పోతున్న లీని వెంటాడలేదు. సెప్టెంబరు 22న లింకన్ ప్రకటన వెలువరించాడు. నవంబరులో మెక్లెల్లన్‌ను తొలగించాడు. ఆరువారాల తేడాతో జరిగిన ఈ రెండూ వేరువేరు నిర్ణయాలు కావు. యుద్ధలక్ష్యం మారింది, పాత లక్ష్యపు సేనాని కూడా మారవలసివచ్చింది.

1863 జనవరి 1న అమలులోకి వచ్చిన ఆ ప్రకటన సర్వసేనాధిపతి హోదాలో ఇచ్చిన సైనిక ఉత్తర్వు. అది యూనియన్‌లో వున్న బానిస రాష్ట్రాలకు వర్తించదు. టెనెసీకి, లూసియానా, వర్జీనియాలలో యూనియన్ పట్టులో వున్న కొన్ని భాగాలకూ వర్తించదు. దానిలో కవిత్వం లేదు. కాని దానిలో ఒక వాక్యం ప్రపంచాన్ని మార్చింది: విముక్తులైన నల్లవారిని సైన్యంలోకి తీసుకుంటాం అనే వాక్యం.

లింకన్ గొప్పతనం ఎక్కడుందంటే, ఆయన అందరికన్నా ముందున్నాడని కాదు. దారి మూసుకుపోయిందని గ్రహించినప్పుడు వెనక్కి తిరగలేదు, ముందుకే నడిచాడు. మెక్లెల్లన్‌కు కూడా అవే ఓటములు ఎదురయ్యాయి. ఆయన ఏమీ నేర్చుకోలేదు. లింకన్ నేర్చుకున్నాడు. నేర్చుకునేట్టు చేసినవారు మన్రో కోటకు పడవలో వచ్చినవారు.

కొత్త యుద్ధం, కొత్త సేనానులు

గ్రాంట్ బానిసత్వ వ్యతిరేకోద్యమంనుంచి వచ్చినవాడు కాడు. 1859లో విడుదల చేసేదాకా ఆయనకూ ఒక బానిస వుండేవాడు. కాని 1863లో మిసిసిపీ నది మీద విక్స్‌బర్గ్ దుర్గాన్ని ముట్టడించే కాలంలో ఆయన కొత్త విధానాన్ని మనస్ఫూర్తిగా అమలు జరిపాడు. శత్రువునుంచి ఒక బానిసను తీసుకోవటం ఒక తెల్ల సైనికుణ్ణి రంగంనుంచి తొలగించటంతో సమానమని ఆయనకు వాషింగ్టన్ నుంచి ఉత్తరం వచ్చింది. జూన్ 7న మిల్లికెన్స్ బెండ్ దగ్గర, తుపాకి పట్టి కొద్ది వారాలే అయిన నల్ల సైనికులు కాన్ఫెడరసీ దాడిని ఎదిరించి నిలిచారు. జులై 4న విక్స్‌బర్గ్ లొంగిపోయింది. ఆగస్టులో గ్రాంట్ లింకన్‌కు వ్రాస్తూ, నల్లవారి చేతికి ఆయుధమివ్వటంతో మనకు బలమైన మిత్రుడు దొరికాడన్నాడు. మెక్లెల్లన్ ఉత్తరం పక్కన ఈ ఉత్తరం పెట్టి చదవండి. ఇద్దరూ ఒకే సైనిక కళాశాలలో చదివారు. తేడా చదువులో లేదు.

యుద్ధం ముగిసేనాటికి యూనియన్ సైన్యంలో చేరిన నల్లవారు సుమారు 1 లక్షా 79 వేలు. నౌకాదళంలో మరి కొన్ని వేలు. సుమారు 40 వేలమంది చనిపోయారు. అందులో ఎక్కువమంది రోగాలవల్ల. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు ఇస్తూ నల్ల సైనికుడికి 10 డాలర్లు ఇచ్చి, అందులోనూ బట్టలకని 3 డాలర్లు విరిచేవారు. మసాచుసెట్స్ 54వ పటాలం ఆ తక్కువ జీతం ముట్టమని నిరాకరించి, జీతం లేకుండానే పోరాడింది. 1864 జూన్‌లో కాంగ్రెసు జీతాలు సమానం చేసింది. చేతికి తుపాకి వచ్చినంతమాత్రాన సమానత్వం రాలేదు. కాని సమానత్వం అడిగే గొంతు వచ్చింది.

దక్షిణాది నాయకత్వం చిక్కుముడి

ఇప్పుడు అవతలి పక్షం చూద్దాం. యోగ్యతాపత్రాలు చూస్తే లింకన్ కన్నా జెఫర్సన్ డేవిస్ యుద్ధానికి తగినవాడు. సైనిక కళాశాలలో చదివాడు. మెక్సికో యుద్ధంలో పోరాడాడు. యూనియన్ ప్రభుత్వంలోనే యుద్ధమంత్రిగా పనిచేశాడు. లింకన్ సైనికానుభవమంతా 1832లో కొద్ది వారాలు మిలీషియాలో వుండటమే. ఇక లీ యుద్ధరంగంలో చూపిన చాతుర్యం నిర్వివాదాంశం.

అయినా ఏం లాభం? కాన్ఫెడరసీ 1862 ఏప్రిల్‌లో నిర్బంధ సైనికభర్తీ చట్టం చేసింది. అక్టోబరులో, 20 మంది లేక అంతకు మించి బానిసలున్న తోటకు ఒక తెల్లవాడికి మినహాయింపు ఇచ్చింది. బానిసలు లేని పేదరైతు, ఇది ఆసాముల యుద్ధం, చావులు మాత్రం మనవి, అనుకున్నాడు. 1863 ఏప్రిల్‌లో రిచ్‌మండ్ వీధుల్లో స్త్రీలు రొట్టెకోసం దుకాణాలు పగలగొట్టారు. వర్జీనియా కొండప్రాంతాలు విడిపోయి అదే ఏడు జూన్‌లో పశ్చిమ వర్జీనియా పేరుతో యూనియన్‌లో చేరాయి. రాష్ట్రాల హక్కుల పేరుతో పుట్టిన ప్రభుత్వాన్ని జార్జియా గవర్నరు అదే హక్కుల పేరుతో సతాయించాడు.

మనుషులు కరవైనప్పుడు క్లీబర్న్ అనే సేనాని 1864 జనవరిలో, బానిసలకు స్వేచ్ఛ ఇచ్చి సైనికులను చేద్దామని ప్రతిపాదించాడు. సైనికంగా అది తెలివైన మాటే. డేవిస్ దాన్ని బయటకు పొక్కకుండా తొక్కించాడు. మరుసటేడు జార్జియా పెద్దమనిషి హొవెల్ కాబ్ అసలు విషయం బయటపెట్టాడు: బానిసలు మంచి సైనికులైతే మన సిద్ధాంతమంతా తప్పన్నమాటే, అన్నాడు. 1865 మార్చి 13న చట్టం చేశారు. మూడు వారాలకు రిచ్‌మండ్ కూలింది. ఆ నగరంలోకి ముందుగా ప్రవేశించిన దళాల్లో యూనియన్ నల్ల సైనికులున్నారు. లీ ప్రతిభ ఆ ముడి విప్పలేకపోయింది. ఏ వ్యవస్థను కాపాడటానికి యుద్ధం మొదలుపెట్టారో, దాన్ని వదిలితే తప్ప ఆ యుద్ధం గెలవలేరు. అంత చక్కని ఉచ్చు ఏ సేనానీ పన్నలేడు, చరిత్ర పన్నింది.

ఓట్ల యుద్ధం

ఉత్తరాదిలో మాత్రం అంతా ఏకగ్రీవమని భ్రమపడవద్దు. 300 డాలర్లు చెల్లిస్తే సైనికభర్తీ తప్పించుకోవచ్చునని చట్టం వచ్చినప్పుడు 1863 జులైలో న్యూయార్క్ పేదలు తిరగబడ్డారు. న్యాయమైన ఆ కోపం డబ్బున్నవాడిమీద కన్నా నల్లవాడిమీద ఎక్కువగా విరుచుకుపడింది. నల్లపిల్లల అనాథాశ్రమాన్ని కూడా తగులబెట్టారు. జాతివిద్వేషం పేదవాడి కోపాన్ని ఎట్లా దారి తప్పిస్తుందో తెలుసుకోదలచినవారు ఆ నాలుగు రోజుల చరిత్ర చదవాలి.

1864లో యుద్ధం మధ్యలోనే అధ్యక్ష ఎన్నిక వచ్చింది. డెమోక్రాటిక్ పార్టీ మహాసభ యుద్ధం ఆపాలని తీర్మానించి, అభ్యర్థిగా ఎవర్ని నిలబెట్టింది? మెక్లెల్లన్‌నే. గుడారంలో ఓడిన దృక్పథం ఓట్ల రంగానికి వచ్చిందన్నమాట. గ్రాంట్ సేన వర్జీనియాలో లెక్కలేనన్ని ప్రాణాలు పోగొట్టుకుంటున్నది. విమోచన షరతు వదులుకుని రాజీపడమని లింకన్ మీద ఒత్తిడి వచ్చింది. ఆగస్టు 23న, తాను ఓడిపోవచ్చునని ఒక కాగితం మీద వ్రాసి, చదవకుండానే దానిమీద మంత్రులచేత సంతకాలు చేయించాడు. అయినా షరతు వదలలేదు. సెప్టెంబరు 2న షెర్మన్ అట్లాంటాను పట్టుకోవటంతో గాలి తిరిగింది. నవంబరులో లింకన్ 212 ఎలెక్టొరల్ ఓట్లు, మెక్లెల్లన్ 21 ఓట్లు తెచ్చుకున్నారు. విడిగా లెక్క తెలిసిన సైనికుల ఓట్లలో మూడు వంతులకు పైగా లింకన్‌కే పడ్డాయి. విమోచన మాట ఎత్తితే సైన్యం చెదిరిపోతుందన్న సేనానికి సైనికులే ఈ జవాబు చెప్పారు.

సముద్రాల ఇవతల కూడా శ్రామికులు ఈ యుద్ధంలో పక్షం వహించారు. అమెరికా పత్తి రాక మిల్లులు మూతపడి లాంకషైర్ కార్మికులు పస్తులున్నారు. వారందరూ ఒకే మాటమీద వున్నారనటం అతిశయోక్తి. కాని 1862 డిసెంబరు 31న మాంచెస్టర్ కార్మికులు సభ జరిపి లింకన్‌కు మద్దతు తెలిపారు. 1864లో మొదటి ఇంటర్నేషనల్ తరఫున మార్క్స్ వ్రాసిన అభినందన లేఖ లింకన్‌కు చేరింది.

ఇంగ్లండు మిల్లులకు కావలసిన పత్తికోసం బ్రిటిష్ వ్యాపారులు మన దేశంమీద పడ్డారు. బొంబాయిలో వాటాల జూదం చెలరేగింది. మద్రాసు రాజధానిలో బళ్ళారి, కర్నూలు నల్లరేగడి నేలల్లో కూడా పత్తి ధర ఎగసింది. 1865లో యుద్ధం ముగియగానే ధరలు కూలాయి. అయితే మన దేశానికి ఆ యుద్ధంనుంచి అందింది పత్తిధర ఒక్కటే కాదు. 1873లో మహాత్మా ఫూలే బ్రాహ్మణాధిపత్యాన్ని ఎండగడుతూ వ్రాసిన ‘గులాంగిరి’ని, బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకు అంకితం చేశాడు. ఆ యుద్ధపు అసలు అర్థం పూనాలో శూద్రుల పక్షాన పోరాడే ఒక మనిషికి స్పష్టంగా తెలిసింది.

గెలిచిన యుద్ధం, సగం ఓడిన శాంతి

1865 ఏప్రిల్ 9న లీ లొంగిపోయాడు. 14న లింకన్‌ను కాల్చారు, మర్నాడు చనిపోయాడు. డిసెంబరులో రాజ్యాంగానికి 13వ సవరణ ఆమోదం పొంది బానిసత్వం దేశమంతటా రద్దయింది. యుద్ధంలో చనిపోయినవారు 6 లక్షల 20 వేలని చాలాకాలం లెక్క చెప్పారు. 2011లో ప్రచురితమైన ఒక అంచనా ఆ సంఖ్యను 7 లక్షల 50 వేలకు పెంచింది.

ఇంత రక్తం పోసి గెలిచినదాన్ని నిలుపుకోగలిగారా? 1865 జనవరి 12న సవానాలో నల్లజాతి మతబోధకులు ఇరవైమంది షెర్మన్‌ను కలిశారు. స్వేచ్ఛను నిలుపుకోవటానికి ఏం కావాలని అడిగితే, భూమి కావాలి, మా శ్రమతో దున్నుకుంటాం, అన్నారు. నాలుగు రోజుల తరువాత షెర్మన్ సముద్రతీరపు భూములను 40 ఎకరాలకు మించని కమతాలుగా వారికి కేటాయిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. షెర్మన్ నల్లవారి మిత్రుడు కాడు; తన సేనలో వారిని సైనికులుగా తీసుకోవటానికే ఇష్టపడనివాడు. యుద్ధావసరం ఆయన చేత ఆ ఉత్తర్వు ఇప్పించింది. సుమారు 40 వేలమంది ఆ భూముల్లో స్థిరపడ్డారు. అదే ఏడు శరత్కాలానికి కొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములు పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు.

మూడవ కథ చెప్పే మిత్రుల మాటలో సత్యం వున్నది ఇక్కడే. ఉత్తరాది బూర్జువా వర్గం మనిషి మీద ఆస్తిహక్కును రద్దుచేసింది. భూమి మీద ఆస్తిహక్కు దగ్గర ఆగిపోయింది. నల్లవారు ఓటుహక్కు పొంది శాసనసభల్లో కూర్చున్నారు. అది చిన్న సంగతి కాదు. కాని 1877లో కేంద్రప్రభుత్వం దక్షిణాది ప్రభుత్వాలకు అండగా వున్న సేనలను తప్పించుకున్నాక, కాళ్ళకింద నేల లేని ఆ హక్కులను ఒక్కొక్కటే ఊడబెరికారు.

ఆ తరువాతనే లీ విగ్రహాలు లేచాయి. రిచ్‌మండ్‌లో ఆయన గుర్రపు విగ్రహం 1890లో ప్రతిష్ఠించారు. 2021 సెప్టెంబరులో తొలగించారు. అన్నేళ్ళూ ఆ విగ్రహం కింద చెప్పిన కథ మన రెండవ కథే: ఆయన గొప్ప సేనాని, రాజకీయాలతో నిమిత్తం లేని వీరుడు. సేనానిని ఆయన పోరాడిన లక్ష్యంనుంచి విడదీసి పొగడటం చాలా పక్కా రాజకీయం. లక్ష్యాన్ని మరిపించటమే దాని పని.

అందుచేత చరిత్ర బోధించే మిత్రులకు నా మనవి ఇది. ఏ దేశంలోని అంతర్యుద్ధాన్ని గురించి చెప్పేటప్పుడైనా సేనానుల జాబితాతో మొదలుపెట్టకండి. ఆ సమాజానికి అన్నం పెట్టే శ్రమ ఎవరిదో, ఆ శ్రమ చేసేవారు యుద్ధం రాగానే ఎటు కదిలారో ముందు చెప్పండి. ఆ కదలికను ఏ నాయకుడు చూడగలిగాడు, ఎవడు చూసికూడా కళ్ళు మూసుకున్నాడు అన్నది తరువాత చెప్పండి. అప్పుడు లింకన్ దేవుడూ కాడు, గుమాస్తా కాడు. మెక్లెల్లన్ పిరికివాడూ కాడు. ఇక విద్యార్థి మరచిపోకుండా గుర్తుంచుకోవలసిన పేర్లు మూడు వుంటాయి: ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలొరీ, జేమ్స్ టౌన్‌సెండ్. మన పాఠ్యగ్రంథాల్లో వారికి ఇంకా చోటు దొరకవలసివుంది.